ఎర్రచుక్క గమ్యం చేరిన వైనం

నీటి సరఫరా శాఖ తన చరిత్రలో ఒక్క కుళాయి దరఖాస్తును కూడా తిరస్కరించలేదని ప్రజలకు సవినయంగా తెలియజేస్తున్నాం. కొత్త కనెక్షన్ కావాలని అడిగిన ఏ ఒక్కరికీ మేము కాదు అనలేదు. అవును అన్న సందర్భాలు ఎన్ని అన్నది వేరే ప్రశ్న. దాన్ని ఇంతవరకూ ఎవరూ లిఖితపూర్వకంగా అడగలేదు కాబట్టి ఇక్కడ ప్రస్తావించడం లేదు.

పై ప్రకటన రాసింది నేనే. శాఖ ప్రచార విభాగంలో నా పని అదే. జరిగినదాన్ని జరగవలసినట్టుగా రాస్తాను. ఈ ఏడాది ఉత్తమ సేవా పతకం మా శాఖను వరించడానికి కారణం ఆ తిరస్కరణల పట్టికలోని సున్నాయే. పతకం ఇప్పుడు డైరెక్టరు గారి బల్ల మీద, ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉంది. పతకాల్లో ఇంతగా ఉపయోగపడేవి అరుదు.

ఈ ఘనత ఏ ఉద్యోగిదీ కాదు. మా ఉద్యోగులకు అలాంటి అపవాదు ఎన్నడూ లేదు. ఘనతంతా ఒకే ఒక్క వాక్యానిది. వాక్యం అనడం కూడా మర్యాదకే. మా వెబ్‌సైటులో మీరు ఇంటి నంబరు టైపు చేశారనుకోండి, అది నిజంగా ఇంటి నంబరు తీరులోనే ఉందా, లేక పిల్లి కీబోర్డు మీద నడవడం వల్ల పుట్టిందా అని ఒక్కొక్క అక్షరమే చూసి తేల్చవలసిన కాపలాదారు అది. ప్రోగ్రాములు రాసేవాళ్లు దాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. మా ఆఫీసులో సూత్రం అంటాం. అందులో అక్షరాలు తక్కువ. బ్రాకెట్లు, చుక్కలు, నక్షత్రాలు, కూడిక గుర్తులు, అటు వాలిన గీతలు, ఇటు వాలిన గీతలు ఎక్కువ. ఈగ సిరాలో పడి లేచి కాగితం మీద షికారు చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

సూత్రాన్ని ఎవరు రాశారో తెలియదు. కంప్యూటర్ విభాగాధిపతి గారేమో తన ముందున్నాయన రాశాడంటారు. ఆ ముందున్నాయన ఉద్యోగ విరమణ చేసి పూలకుండీలకు నీళ్లు పోసుకుంటున్నారు. ఫోను చేసి అడిగితే, తాను వచ్చేసరికే అది అక్కడ ఉందనీ, దాని జోలికి పోకపోవడమే తన ఉద్యోగ జీవితంలో తాను సాధించిన విజయమనీ సెలవిచ్చారు. ఆయనకు ముందున్నాయన ఫోను తీయలేదు. ఎవరూ రాయనిదానికీ, ఎవరికీ అర్థం కానిదానికీ లోకంలో ఎంత గౌరవం దొరుకుతుందో మా సూత్రానికీ అంతే దొరికింది. దాన్ని తెర మీద తెరవవలసి వస్తే విభాగాధిపతి గారు ముందు టీ కప్పును దూరంగా జరిపేవారు. కొత్తగా చేరినవాళ్లకు ఆయన ఇచ్చే శిక్షణ ఒక్క ముక్కే. దేన్నయినా ముట్టుకోండి గాని దాన్ని మాత్రం ముట్టుకోకండి అనేవారు.

ఇలా సుఖంగా సాగుతున్న సంసారంలోకి ఒక ప్రోగ్రామరు వచ్చి చేరింది. మనిషి నెమ్మదస్తురాలే గాని ఒక జబ్బుంది. అర్థం కానిదాన్ని అర్థం కాలేదని పదిమందిలోనూ అనేస్తుంది. ఈ జబ్బున్నవాళ్లు మా శాఖలో మెట్లెక్కడం కష్టం. లిఫ్టు వాళ్లకోసం కాదు.

జబ్బుకు తోడు ఆమెకొక మేనత్త కూడా ఉంది. మేనత్త ఉండేది వెనక వాటాలో. ముందు వాటాలో ఉండేది ఆవిడ తోటికోడలు. వాళ్ల భర్తలు అన్నదమ్ములు. ఇల్లు పంచుకున్న రోజున గదులు, గోడలు, మెట్లు, చివరికి పెరట్లోని చెట్టు నీడతో సహా అన్నీ చెరిసగం చేసుకున్నారు. కుళాయి మాత్రం కోసి పంచుకోవడానికి వీల్లేక ముందు వాటాకు పడింది. తరవాత అన్నదమ్ములిద్దరూ పోయారు. కుళాయి మిగిలింది. అప్పటినుంచీ మేనత్తకు నీళ్లు రావడమూ రాకపోవడమూ మా శాఖ చేతిలో లేదు, తోటికోడలి మనసులో ఉంది. తోటికోడలికి మోకాళ్ల నొప్పి తగ్గిన రోజున బకెట్లు నిండుతాయి. కూర మాడిన రోజున కుళాయికి తాళం పడుతుంది. మేనత్త పొద్దున్నే లేచి ఆకాశం వంక చూడదు. ముందు వాటా వంటింటి కిటికీ వంక చూసి, ఆ రోజు స్నానం ఉందో లేదో తేల్చుకుంటుంది. ఆ వయసులో ఒక మనిషి తన మొహం తాను కడుక్కోవడానికి ఇంకొకరి మొహం చూడవలసి రావడం నాకు కూడా కాస్త బాధ కలిగించింది. ప్రచార విభాగంవాళ్లకు బాధ కలగకూడదని నియమమేమీ లేదు. రాయకూడదని మాత్రమే ఉంది.

అందుకని ఆవిడ వెనక వాటాకు విడిగా కుళాయి కావాలని మా వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టుకుంది. ఇంటి నంబరు టైపు చేసి బటను నొక్కింది. "మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది. దయచేసి వేచి ఉండండి" అని వచ్చి, దాని కింద ఒక చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. పెద్దవాళ్ల మాట కాదనే అలవాటు ఆవిడకు లేదు. వేచి ఉంది. ఫోను ఛార్జింగు అయిపోతే చక్రం ఆగిపోతుందేమోనని తీగ తగిలించి మరీ వేచి ఉంది. వానలు వచ్చి వెళ్లాయి. చక్రం తిరుగుతూనే ఉంది.

ఒక ఆదివారం మేనకోడలు వెళితే ఆవిడ ఫోను చేతికిచ్చింది.

"అమ్మాయ్, మీవాళ్లు ఇంకా తిప్పుతూనే ఉన్నారు. ఇవ్వం అంటే ఇవ్వం అనమను, నా తిప్పలేవో నేను పడతాను. ఈ ఔననీ కాదనీ అనకపోవడం ఏంటమ్మా?"

ప్రోగ్రామరు ఆఫీసుకొచ్చి వెతికింది. చక్రం తిరుగుతున్నది మేనత్త ఒక్కరికే కాదు. ఊళ్లో వెనక వాటాలవాళ్లు, మేడమీది గదులవాళ్లు, పంపకాలైన ఇళ్లవాళ్లు అందరికీ తిరుగుతోంది. ఇల్లు పెద్దదై, వీధివైపు వాకిలి ఉండి, చిన్న నంబరున్నవాళ్లకు మాత్రం ఇట్టే పని జరిగిపోతోంది. వాళ్లకు ఎలాగూ అంతకుముందే కుళాయిలున్నాయి. రెండోది, మూడోది అడుగుతుంటారు. ఇందులో వింత ఏముందని విభాగాధిపతి గారు అడిగారు. ఆమె సూత్రాన్ని తెరిచి చూసింది. అర్థం కాలేదు. అర్థం కాలేదని పైకే అంది. చుట్టుపక్కల బల్లల వాళ్లు తలలు దించుకుని కీబోర్డులు తుడుచుకోసాగారు.

అప్పుడామె ఎవరూ అడగని ఒక పని చేసింది. మా శాఖలో అంతకు మించిన అపరాధం లేదు. సూత్రాన్ని కంప్యూటర్ ఎలా చదువుకుంటుందో అలాగే బొమ్మ గీసి చూపించే పనిముట్టు ఒకటి తయారు చేసి, దానికి దారిచూపు అని పేరు పెట్టింది. ఈగ షికారులాంటి ఆ వాక్యాన్ని తీసుకెళ్లి అందులో పడేస్తే, తెర మీద రైలు పట్టాలలాంటి గీతలు పడతాయి. ఇక్కడ అంకె రావాలి అంటే అక్కడొక స్టేషను. ఇదైనా సరే అదైనా సరే అంటే అక్కడ పట్టాలు రెండుగా చీలుతాయి. ఎన్నిసార్లయినా రావచ్చు అంటే వెళ్లిన పట్టా గుండ్రంగా వెనక్కి తిరిగి వచ్చి కలుస్తుంది. చివర గమ్యం అని ఒక తలుపు. కింద గడిలో ఇంటి నంబరు కొడితే చాలు, ఒక ఎర్రచుక్క బయలుదేరి ఆ పట్టాల మీద ఎక్కడెక్కడ ఆగుతుందో, ఎక్కడ తిరుగుతుందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఆమె మేనత్త ఇంటి నంబరు కొట్టింది. బొమ్మలో ఒక చోట సున్నాలో సున్నా ఉంది. ఇంటి నంబరులో అంకెలు ఎన్నైనా ఉండవచ్చునని ఎవరో ఒక పెద్దమనిషి ఒక చుట్టు పెట్టారు. ఆ అంకెల గుంపులు ఎన్నైనా ఉండవచ్చునని మరో పెద్దమనిషి దాని మీద ఇంకో చుట్టు పెట్టారు. అంకెల తరవాత వాటాను తెలిపే అక్షరం ఒకటి ఉంటుందని మాత్రం ఇద్దరికీ తోచలేదు. ఎర్రచుక్క అంకెలన్నీ దాటుకుని చివరికొచ్చింది. వాటా అక్షరానికి పట్టా లేదు. వెనక్కి వెళ్లింది. అవే అంకెల్ని ఇంకోలా గుంపులు కట్టుకుని మళ్లీ వచ్చింది. మళ్లీ పట్టా లేదు. మళ్లీ వెళ్లింది. లోపలి సున్నాలో తిరిగి, బయటి సున్నాలో తిరిగి, ఏ గుమాస్తా ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లే అమాయకుడిలా కాళ్లరిగేలా తిరుగుతూనే ఉంది. ఇన్ని రకాల గుంపులూ అయిపోయి, లేదు అని తేలడానికి ఎంత కాలం పడుతుందో ఆమె లెక్క వేసి చూసుకుని, ఆ సంగతి మేనత్తకు చెప్పకూడదని నిర్ణయించుకుంది.

డైరెక్టరు గారి గదిలో సమావేశం ఏర్పాటైంది. గోడమీద తెర దించారు. ఎర్రచుక్క తిరగడం మొదలుపెట్టింది. అధికారులందరూ చాలాసేపు మంత్రముగ్ధులై చూశారు. కొందరు మెడలు కూడా తిప్పారు. లోపలి సున్నాను తీసేసి, వాటా అక్షరానికి ఒక పట్టా వేస్తే చాలుననీ, టీ తాగేలోపు అయిపోయే పననీ ప్రోగ్రామరు చెప్పింది.

"చేస్తే ఏమవుతుంది?" అని అడిగారు డైరెక్టరు గారు.

"దరఖాస్తులు లోపలికి వస్తాయి సార్."

"వస్తే?"

"మనం కుళాయిలు ఇవ్వాలి సార్. లేదంటే ఇవ్వలేమని చెప్పాలి."

 గిడ్డంగి అధికారి గొంతు సవరించుకుని, పైపులు కొనే ఫైలు కూడా పరిశీలనలోనే ఉందని చెప్పారు. ఇక ఇవ్వలేమని చెప్పడం గురించి ఎవరూ మాట్లాడలేదు. అందరి చూపులూ బల్ల మీది పతకం మీద పడ్డాయి. పతకం కింద కాగితాలు గాలికి రెపరెపలాడుతున్నాయి.

అయినా మా డైరెక్టరు గారు సమస్యకు భయపడి పారిపోయే మనిషి కాదు. సమస్యనే పంపించేసే మనిషి. ఇంత చక్కని పనిముట్టు చేసినందుకు ప్రోగ్రామరును మెచ్చుకున్నారు. బొమ్మలో మాత్రం కొంత అస్తవ్యస్తత కనిపిస్తున్నదని, దాన్ని చక్కదిద్దడానికి చిత్ర సంస్కరణ సంఘాన్ని నియమిస్తున్నానని ప్రకటించారు. సంఘంలో పెద్ద ఇంజనీరు గారు, గిడ్డంగి అధికారి గారు, ఆఫీసుకు కర్టెన్ల రంగు ఎంపిక చేసిన అలంకరణ నిపుణుడు సభ్యులు. సూత్రాన్ని సంస్కరించే సంఘం కూడా ఉంటుందా అని ప్రోగ్రామరు అడిగింది. ఆమె పేరును హాజరు పట్టీలోంచి కొట్టేసి సమావేశం ముగించారు.

సంఘం శ్రద్ధగా పనిచేసింది. బిస్కెట్లు చాలకపోతే తెప్పించుకుని మరీ పనిచేసింది. ఎరుపు రంగు ఆగిపొమ్మనే రంగు కాబట్టి చుక్క ఆగకపోయినా ఆగినట్టే అనిపిస్తున్నదని అలంకరణ నిపుణుడు కనిపెట్టారు. సున్నాలో సున్నా చూస్తుంటే తనకు కళ్లు తిరుగుతున్నాయనీ, రక్తపోటున్న పౌరులకు అది ప్రమాదకరమనీ పెద్ద ఇంజనీరు గారు డాక్టరు చీటీతో సహా నిరూపించారు. చుక్క అలా పదే పదే వెనక్కి వెళ్లడం శాఖ పురోగమనానికి విరుద్ధమని గిడ్డంగి అధికారి గారు అభిప్రాయపడ్డారు. ముగ్గురూ ఏకగ్రీవంగా తేల్చినదేమిటంటే, లోపమంతా బొమ్మలో ఉంది. కావున బొమ్మను సరిచేయవలెను, సూత్రము జోలికి పోరాదు.

సరిచేయమని ప్రోగ్రామరుకే చెప్పారు. ఆమె చేయనంది. "అద్దంలో మొహం బాగాలేదని అద్దానికి రంగేస్తామా సార్?" అని అడిగింది. మంచి ఆలోచనే గాని ప్రస్తుతానికి అద్దాల పద్దు లేదని పెద్ద ఇంజనీరు గారు అన్నారు. ఆమెను పాత కంప్యూటర్లు, కాళ్లు విరిగిన కుర్చీలు పెట్టే గదికి మార్చారు. ఆ గదికి కిటికీ లేకపోవడం వల్ల ఆమె ఏకాగ్రతకు భంగం ఉండదని బదిలీ ఉత్తర్వులో నేనే రాశాను.

పని, మేం సరేనండి అని పిలుచుకునే మరో ప్రోగ్రామరు చేతికి వెళ్లింది. అతని అసలు పేరు జీతం బట్వాడా చేసే ఆయనకు తెలిసి ఉండాలి. పిలిస్తే సరేనండి, తిడితే సరేనండి, ఇల్లు తగలబడుతోందయ్యా అన్నా సరేనండి. అతను కూర్చుని, సున్నాలన్నీ చెరిపేసి, బయలుదేరిన చోటు నుంచి గమ్యం దాకా ఒకే తిన్నని గీత గీశాడు. ఎర్రచుక్కను పచ్చచుక్క చేశాడు. గడిలో ఏది కొట్టినా చుక్క ఆ గీత మీద దర్జాగా నడిచి వెళ్లి గమ్యం తలుపు తీసుకునేట్టు చేశాడు. అసలు సూత్రం ఎక్కడున్నది అక్కడే, యథాప్రకారం తిరుగుతూ ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. విభాగాధిపతి గారు కృతజ్ఞతతో టీ కప్పు దగ్గరకు జరుపుకున్నారు.

ప్రారంభోత్సవానికి హాలు నిండిపోయింది. డైరెక్టరు గారి ఉపన్యాసం రాసింది నేనైనా, పలికింది ఆయనే.

"సోదర సోదరీమణులారా! ఇంతకాలం మన పౌరుడు తన దరఖాస్తు ఎక్కడుందో తెలియని చీకటిలో ఉన్నాడు. ఈరోజు నుంచి ప్రతి దరఖాస్తూ గమ్యం చేరడాన్ని ప్రతి పౌరుడూ తన కళ్లతో చూడగలడు. నీరు ఈరోజు రావచ్చు, రేపు రావచ్చు, అది ప్రకృతి చేతిలో ఉంది. కాని పారదర్శకత మన చేతిలో ఉంది. దాన్ని మనం ఇరవై నాలుగు గంటలూ సరఫరా చేస్తాం!"

చప్పట్లు ఆగిన తరవాత ఆయన స్వయంగా పరీక్షించారు. తన ఇంటి నంబరు కొట్టారు, చేరింది. తన కుక్క పేరు కొట్టారు, చేరింది. విప్పని బిస్కెట్ పొట్లాన్ని కీబోర్డు మీద పెట్టారు, అదీ చేరింది. ఇంత నమ్మకమైన యంత్రం ఉండగా ఇంకా ఆ సూత్రాన్ని నమ్ముకోవడం ఎందుకని, అప్పటికప్పుడే ఉత్తర్వు జారీ చేశారు. ఇకపై దరఖాస్తుల ఫలితం బొమ్మలో నుంచే తీసుకోవాలి, బొమ్మలో గమ్యం చేరినవారందరికీ ఫోనుకు సందేశం పంపాలి. సరేనండి సరేనండి అన్నాడు.

ఆ సాయంత్రమే ఊళ్లోని వెనక వాటాలన్నిటిలోనూ ఫోన్లు మోగాయి. "అభినందనలు. మీ కుళాయి కనెక్షన్ గమ్యం చేరినది." మేనత్త కళ్లజోడు పెట్టుకుని చదివింది, తీసి తుడిచి మళ్లీ చదివింది. అంత సంతోషాన్ని ఒక్కతే మోయలేక, ఎదురుగా ఉన్న ఒకే ఒక్క మనిషికి, అంటే తోటికోడలికి, తీసుకెళ్లి చూపించింది. మనుషులకు సంతోషం వచ్చినప్పుడు బుద్ధి కొంచెం పక్కకు తప్పుకుంటుంది.

తోటికోడలు సందేశాన్ని రెండు చేతులా పట్టుకుని చదివింది.

"పోన్లే, నీకూ ఒక దారి దొరికింది. ఇంక నా కుళాయి దగ్గర బకెట్లు పెట్టాల్సిన పనేముంది?" అని, లోపలికి వెళ్లి పెద్ద తాళం తెచ్చి వేసింది. అందులో ఆవిడను తప్పు పట్టడానికేమీ లేదు. ప్రభుత్వం చెప్పిన మాటను నమ్మింది, అంతే.

మేనత్త తన వాటాలో గోడలన్నీ తడిమి చూసుకుంది. పైపు రాలేదు. మర్నాడు చూసింది, రాలేదు. పక్కింటివాళ్లు ఇచ్చిన చెంబుడు నీళ్లతో మొహం కడుక్కుని, ఖాళీ బకెట్టు చేత పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. బకెట్టు ఎందుకమ్మా అని గేటు దగ్గర అడిగితే, నీళ్ల ఆఫీసే కదా బాబూ అంది.

వరుస పెద్దదిగా ఉంది. ఆవిడ వంతు వచ్చేసరికి కౌంటరు గుమాస్తా భోజనం చేసి వచ్చాడు. విన్నాడు. కంప్యూటర్ తెరను ఆవిడ వైపు తిప్పి ఇంటి నంబరు కొట్టాడు. పచ్చచుక్క తిన్నగా నడిచి వెళ్లి తలుపు తీసుకుంది.

"చుక్క చేరింది బాబూ. నీళ్లు చేరలేదు."

"చేరినట్టే చూపిస్తోంది కదండీ. మీరే చూశారు కదా."

"చూశాను. చూసినదాంతో గిన్నెలు ఎలా తోముకోను?"

గుమాస్తా నీళ్లు నమిలాడు. వెనక వరుసలో కదలిక వచ్చింది. సంచి పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, కళ్లతో చూస్తూ కూడా ఒప్పుకోకపోతే ఎట్లాగండీ అన్నాడు. హెల్మెట్ తీయని ఒక కుర్రాడు, కానివ్వండి పిన్నిగారూ, మాకూ పనులున్నాయి అన్నాడు. ఇంకెవరో ముసలివాళ్లకు కంప్యూటర్లు అర్థం కావని జాలిపడ్డారు.

ఈ సందడికి కిటికీ లేని గదిలోంచి ప్రోగ్రామరు బయటికి వచ్చింది. మేనత్తను చూసింది, బకెట్టును చూసింది. లోపలికి వెళ్లి, తన కంప్యూటర్ ఎత్తుకొచ్చి కౌంటరు మీద పెట్టింది. పాత దారిచూపు అందులో అలాగే ఉంది. మేనత్త ఇంటి నంబరు కొట్టి, తెర వరుస వైపు తిప్పింది. ఎర్రచుక్క సున్నాలో సున్నాలోకి దిగి తిరగసాగింది.

"మీ అందరికీ వచ్చిన ఆ సందేశం అబద్ధమండీ. మీ దరఖాస్తులు ఇదిగో, ఇక్కడ తిరుగుతున్నాయి. ఇక్కడ ఒక్క గీత తీసి, ఇక్కడ ఒక్క గీత వేస్తే బయటికొస్తాయి. తీయమని మీరు అడగండి. నేను అడిగితే వినరు."

వరుసలోని వాళ్లు ఆసక్తిగా ముందుకు వంగారు. సంచి పెద్దమనిషి తన నంబరు కూడా కొట్టించుకున్నాడు. ఆయనదీ మేడమీది గది. ఆయన చుక్క కూడా తిరగసాగింది. హెల్మెట్ కుర్రాడిదీ తిరిగింది. పసిపిల్లను ఎత్తుకున్న ఇల్లాలిదీ తిరిగింది.  అప్పుడు సంచి పెద్దమనిషి గుమాస్తా వైపు తిరిగి, ఒకసారి అందులో కూడా చూడవయ్యా అన్నాడు. గుమాస్తా కొట్టాడు. పచ్చచుక్క తిన్నగా వెళ్లి గమ్యం చేరింది. పెద్దమనిషి మొహం విచ్చుకుంది.

"ఇది బాగుందమ్మా. నీ మిషన్‌లో మాది ఎవరిదీ చేరట్లేదు. అది పాడైనట్టుంది, తీసెయ్యి."

మిగతావాళ్లు కూడా పచ్చచుక్క దగ్గరే వరుస కట్టారు. ఒక్కొక్కరూ తమ చుక్క చేరడం చూసుకుని, ఫోనుతో ఫొటో తీసుకుని, తృప్తిగా వెనుదిరుగుతున్నారు. ప్రోగ్రామరు వాళ్ల వంక చూసింది. మా డైరెక్టరు గారు బదిలీ చేసినప్పుడు కూడా ఆమె కళ్లలో నీళ్లు రాలేదు. అప్పుడు వచ్చాయి. కంప్యూటర్ మూసేసి, మేనత్త చేతిలో బకెట్టు అందుకుంది.

మా ఆఫీసులో కౌంటరు పక్కనే సిబ్బంది చేతులు కడుక్కునే కుళాయి ఉంది. దానికి ఎన్నడూ నీళ్లు ఆగవు. ఆమె బకెట్టును దాని కింద పెట్టి నిండేదాకా నిలబడింది. తరవాత అత్తా మేనకోడళ్లిద్దరూ చెరొక వైపూ పట్టుకుని, ఒలకకుండా, వరుస పక్కనుంచి నడుచుకుంటూ వెళ్లిపోయారు. చెప్పులు తడుస్తాయని జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు.

మా శాఖ వెబ్‌సైటు ద్వారా దరఖాస్తు పెట్టుకున్న వెనక వాటా మనుషుల్లో నీళ్లు దక్కినది ఆవిడ ఒక్కరికే. సహజంగానే అది అందరి కంటా పడింది. ఆఫీసులో మేనకోడలుంటే పనులు ఎలా అవుతాయో చూశారా అని వరుసలో ఎవరో అన్నారు. ఇంతసేపు నిలబడ్డ మేం పిచ్చివాళ్లమా అని ఇంకెవరో అన్నారు. సంచి పెద్దమనిషి సంచిలోంచి కాగితం తీశాడు. సిబ్బంది కుళాయిని బంధువులకు దోచిపెట్టినందుకు సదరు ప్రోగ్రామరు మీద కఠిన చర్య తీసుకోవాలని అక్కడికక్కడే రాసి, వరుసలో ఉన్నవాళ్లందరూ సంతకాలు చేసి ఇచ్చారు.

ఆ ఫిర్యాదును మేము సూత్రం గుండా పంపలేదు, బొమ్మ గుండా కూడా పంపలేదు. చేత్తో అందుకుని, చేత్తో డైరెక్టరు గారి బల్ల మీద పెట్టాం. ఆఫీసు మూసేలోపు ప్రోగ్రామరును ఉద్యోగం నుంచి తొలగించాం. సిబ్బంది కుళాయికి తాళం వేశాం. ప్రజల కోరిక ఒకటి, కోరిన రోజునే పూర్తిగా నెరవేరడం మా శాఖ చరిత్రలో అదే మొదటిసారి.

ఫిర్యాదు కింద సంతకాలన్నీ నేను చూశాను. వాటిలో మీదీ ఉంది, చాలా అందంగా ఉంది. మీ సహకారానికి శాఖ తరఫున కృతజ్ఞతలు. ఇంతకూ, మీ కుళాయి వస్తోందా?